ఇరవై ఏడో బిళ్ళ

"ఇరవై ఏడొచ్చింది. ఇరవై ఏడుని ఇచ్చేశాను. నన్ను కోసి కారం పెట్టినా ఇంతకన్నా ఏం చెప్పలేను," అంది ఆయా.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "విన్నారుగా మేడమ్? బిళ్ళ వచ్చింది, జోడీ కుదిరింది, పిల్ల బయటికెళ్ళింది. ఆ బిళ్ళ ఎక్కడుంది? ఇదిగో, ఈమె గుండెల మీదే. ఇంకా విచారణ దేనికి?"

అది కుట్టు ఫ్యాక్టరీలో మేనేజరు గది. మిషన్లు ఆగి చాలాసేపయింది. తలుపవతల ఆడవాళ్ళు గుంపుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. డిటెక్టివ్‌ని పిలిపించింది వాళ్ళే. పోలీసులు పిల్లని వెతకడం మానేసి తల్లిని పీడిస్తున్నారని వాళ్ళ బాధ.

తల్లికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. మేనేజరు కాగితం మీద సంతకం పెట్టమంటే కుడి చేత్తో గీసి ఇచ్చింది గానీ, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. గోడకానుకుని, సంచిని రెండు చేతులా కడుపుకి అదుముకుని నిలబడింది. పాలు కారి ఏప్రాన్ ముందు భాగమంతా తడిసిపోయింది. మధ్యాహ్నం పాలు తాగాల్సిన పిల్ల తాగలేదు. అది ఒళ్ళే చెబుతోంది, వేరే సాక్ష్యం అక్కర్లేదు అనుకుంది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ మాత్రం అటు చూడకుండా తల తిప్పుకున్నాడు.

"సార్, నన్ను జైల్లో పెట్టుకోండి, కొట్టండి, ఏదైనా చెయ్యండి. ముందు పాపని వెతకండి సార్. దీపాలు పెట్టే వేళకి దానికి మందు పడాలి. పడకపోతే ఫిట్సొస్తాయి. కిందటి నెల ఒక్క పూట తప్పితే పెదాలు నీలంగా అయిపోయాయి. దానికి పధ్నాలుగు నెలలే సార్."

"ఎక్కడ దాచావో చెప్పు. నేనే స్వయంగా వెళ్ళి మందేసి వస్తా."

తల్లి సంచిని ఇంకా గట్టిగా అదుముకుంది. అంతలో ఆమె ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ సైగ చేస్తే ఎత్తింది. "వదినా! ఏమైనా తెలిసిందా?... లేదా?... అక్కడే ఉండు వదినా, బస్సులన్నీ చూడు." అవతల మైకులో ఎవరో ఊళ్ళ పేర్లు చదువుతున్న హోరు గదంతా వినపడింది.

"మా ఆడపడుచు," అంది ఫోను పెట్టేసి. "ఇక్కడే పని చేస్తుంది. తనది పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నానికే దిగిపోతుంది. నాది సాయంత్రం దాకా. ఇంటికెళ్ళాక సంగతి తెలిసిందట. అప్పట్నించీ తిండీ నీళ్ళూ లేకుండా తిరుగుతోంది. ఇప్పుడు బస్టాండులో ఉంది పాపం."

"తిరగనీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఊరు దాటే బస్సులన్నీ ఆపించాను. నీ తోడుదొంగ ఎవడో గానీ కదల్లేడు. ఎల్లుండితో ఈ ఉద్యోగం మానేస్తున్నావంట కదా? పుట్టింటికి పోతున్నావంట. పిల్లని ముందే పంపేశావు. ఎవరికిచ్చావు, ఎంతకిచ్చావు అనేదొక్కటే తేలాలి."

"అలా అనకండి సార్!"

"మరెలా అనమంటావు?"

డిటెక్టివ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. నలభై దాటిన మనిషి. ఊళ్ళో అందరికీ ఆమె 'బిళ్ళ'గానే తెలుసు. తండ్రి కోర్టులో బిళ్ళ బంట్రోతు. బళ్ళో పిల్లలు వెక్కిరించడానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఆమె కూడా వదిలించుకోవాలని చూళ్ళేదు.

"సార్, ఆయా ఏమందో ఇంకోసారి చెప్పండి," అంది.

"తల్లి వచ్చిందంది."

"అనలేదు. ఇరవై ఏడొచ్చింది అంది."

"రెండూ ఒకటే కదమ్మా! ఆ నంబరు బ్యాడ్జీ ఈమెదే. బిళ్ళ అంటే ఏమిటో బంట్రోతుగారి అమ్మాయికి నేను చెప్పాలా?"

తలుపు దగ్గర కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. డిటెక్టివ్ మొహంలో ఏ మార్పూ లేదు.

"అక్కర్లేదు, నేనే చెబుతా వినండి. గుండ్రంగా, పల్చగా ఉండేదేదైనా బిళ్ళే. మాత్ర బిళ్ళే, సబ్బు బిళ్ళే, జడలో పెట్టుకునేదీ బిళ్ళే. పెద్ద ఉద్యోగులు తమ బంట్రోతుల రొమ్ము మీద ఇత్తడి రేకు తగిలించాక దానికీ ఆ పేరే వచ్చింది. ఆ రేకు మీద బంట్రోతు పేరుండదు సార్, కచేరీ పేరుంటుంది. పోనుపోను రేకు పేరు మనిషికే పడింది. మా నాన్న వీధిలోకొస్తే 'బిళ్ళొచ్చాడు' అనేవాళ్ళు. ఆయన పోయిన వారానికి ఇంకొకాయన అదే రేకు పెట్టుకుని అవే గుమ్మాలెక్కాడు. అప్పుడూ 'బిళ్ళొచ్చాడు' అనే అన్నారు. మనిషి మారాడని సగం మంది చూడనే లేదు."

"కథ బావుంది. బ్యాడ్జీ అనండి, కాస్త గౌరవంగా ఉంటుంది."

"ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆ భాషవాళ్ళే తేల్చుకోలేకపోయారట. ఊరూ పేరూ లేని మాట. దానికంటే మా బిళ్ళే నయం." డిటెక్టివ్ లేచింది. "పదండి, పిల్లల గది చూద్దాం. పొద్దు వాలుతోంది."

*

పిల్లల గదిలో పదహారు ఉయ్యాలలున్నాయి. సంగతి తెలియగానే తల్లులందరూ పరిగెత్తుకొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుపోయారు. నేల మీద ఒక గిలక్కాయ, ఒక పాలపీక, ఎవరిదో ఒంటి మేజోడు పడి ఉన్నాయి. తల్లి ఒక ఉయ్యాల దగ్గరికెళ్ళి దుప్పటి సరిచేసింది. అందులో ఎవరూ లేరు. అయినా సరిచేసింది.

మిషన్ల హాలుకీ ఈ గదికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉంది. నూలు పొట్టు లోపలికి రాకూడదని పైభాగమంతా చెక్కతో మూసేశారు. కింద పిల్లని అందించేటంత సందు మాత్రం వదిలారు.

"నువ్వెక్కడ కూర్చుంటావు?" అని అడిగింది డిటెక్టివ్.

"ఆ పీట మీదమ్మా. మోకాళ్ళ నొప్పులు. మాటిమాటికీ లేవలేను," అంది ఆయా.

డిటెక్టివ్ ఆ పీట మీద కూర్చుంది. "సార్, మీరు హాల్లోకెళ్ళి కిటికీ ముందు నిలబడండి."

"నేనా?"

"తల్లిని నిలబెడితే మేమిద్దరం తోడుదొంగలమంటారు. మీరే వెళ్ళండి."

ఇన్‌స్పెక్టర్ సణుక్కుంటూ చుట్టూ తిరిగి వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాడు. "కనిపిస్తున్నానా?"

"మీ పొట్ట కనిపిస్తోంది సార్. దాని పైన మీ పేరు పట్టీ. అంతే. మొహం చెక్క వెనక ఉంది."

కానిస్టేబులు ఈసారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"పేరు చదవగలుగుతున్నారుగా! అది నేనే అని తెలుస్తోందిగా!" అన్నాడు చెక్క వెనక నుంచి.

"ఆ పట్టీ ఇప్పుడు కానిస్టేబులు పెట్టుకుని నిలబడితే, అదీ మీరేనా?"

కిటికీ సందులోంచి పొట్ట పక్కకి జరిగిపోయింది.

డిటెక్టివ్ ఆయా వైపు తిరిగింది. "జోడీ ఎలా చూస్తావో చెప్పు."

"ఒక రేకుని చేత్తో కత్తిరించి రెండు ముక్కలు చేస్తారమ్మా. రెండింటి మీదా ఒకటే అంకె. ఒకటి పిల్ల వీపు మీద, ఇంకోటి తల్లి ఏప్రాన్ మీద. తల్లి వచ్చి కిటికీకి ఆనుకుంటుంది. నేను పిల్లనెత్తి దాని బిళ్ళని తల్లి బిళ్ళకి ఆనిస్తా. కత్తిరించిన అంచులు ఒకదాన్లో ఒకటి కూర్చుంటే పిల్లని వదుల్తా. అంకె ఎవరైనా పొడిపించుకోవచ్చు గానీ ఆ అంచు మళ్ళీ రాదు. గేటు దగ్గర వాచ్‌మనూ అంతే, జోడీ చూసి పంపిస్తాడు."

"ఇవాళ కూర్చుందా?"

"కూర్చుందమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"మాట్లాడిందా ఆమె?"

"సైరన్ మోగుతోంది. ఒక షిఫ్టు దిగుతోంది, ఇంకోటి ఎక్కుతోంది. ఆ గోలలో ఎవరు మాట్లాడినా వినపడదు."

"పాప ఏడ్చిందా?"

ఆయా కాస్త ఆలోచించింది. "లేదు. పైగా చెక్క సందులోంచి పైకి చూసి నవ్వింది. రెండు చేతులూ చాపి ఎగిరింది. కొత్తవాళ్ళని చూస్తే గుక్కపెట్టి ఏడ్చే పిల్లమ్మా అది. అది నవ్వబట్టే నాకు అనుమానం రాలేదు."

ఇన్‌స్పెక్టర్ చరచరా లోపలికి వచ్చాడు. "చూశారా? తల్లి కాబట్టే నవ్వింది. ఇంకేం కావాలి? కుదిరే బిళ్ళ లోకంలో ఒకటే ఉంది. అది ఈమె ఒంటి మీద ఉంది. చూసి పిల్ల నవ్వింది. కేసు మీరే కట్టిపెట్టారు, థాంక్స్." కానిస్టేబులు వైపు తిరిగి, "జీపు తియ్యి," అన్నాడు.

తల్లి రెండడుగులు వెనక్కి వేసి ఉయ్యాల తాడు పట్టుకుంది. "అక్కా, నన్ను తీసుకెళ్ళనివ్వకండి. నేను స్టేషన్లో ఉంటే దానికి మందెవరేస్తారు?"

ఈ అమ్మాయి భయపడుతున్నది జైలుకి కాదు అనుకుంది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ చెప్పినదాన్లో తప్పు పట్టడానికి ఏమీ కనపడటం లేదు. అంచు కుదరాలంటే అసలు బిళ్ళే ఉండాలి. అసలు బిళ్ళ తల్లి దగ్గరే ఉంది. మరి...

ఉందా?

"అమ్మాయీ, ఇలా రా. వెలుతుర్లో నిలబడు." డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుంది. తడి ఏప్రాన్ మీద గుండ్రటి ఇత్తడి బిళ్ళ, దాని మీద ఇరవై ఏడు. ఒక పక్క అంచు వంకరగా కత్తిరించి ఉంది. తేరిపార చూసింది. ఏదో తేడాగా అనిపిస్తోంది గానీ ఏమిటో అందడం లేదు.

తండ్రి రొమ్ము మీది రేకు గుర్తొచ్చింది. ఆయన్ని కొందరు చపరాసీ అనేవాళ్ళు. ఆ మాటకి అర్థం ఏమిటని ఆయన ఒకసారి ముసలి గుమాస్తాని అడిగాడట. పరాయి భాష మాట, 'ఎడమా కుడీ' అని అర్థం, భుజాల మీది పటకా ఎడమ నించీ కుడి నించీ వచ్చి బిళ్ళ దగ్గర కలుస్తుంది గనక ఆ పేరొచ్చిందంటారు అన్నాడట గుమాస్తా. నిజమో కాదో ఎవరికి తెలుసు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి రేకు పెట్టుకుంటూ నాన్న ఆ మాటే పాటలా అనుకునేవాడు. ఎడమా, కుడీ.

ఎడమా... కుడీ.

డిటెక్టివ్ చటుక్కున వంగి బిళ్ళ అంచు కింద వేలు పెట్టి ఎత్తింది. వెనక రింగులో ఎటు కావాలంటే అటు తిప్పి గుచ్చే పిన్నీసు అది. దాని మొన ఎటుందో చూసింది.

"ఇది నువ్వే పెట్టుకున్నావా?"

"నేనే అక్కా." జవాబు మరీ తొందరగా వచ్చింది.

"సార్, ఒక్క నిమిషం. మీ పేరు పట్టీ తీసి మళ్ళీ పెట్టుకోండి."

"నాకేం పని లేదనుకున్నారా?"

"జీపు స్టార్టయ్యేలోపు అయిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ విసురుగా పట్టీ తీశాడు. దానికీ అలాంటి పిన్నీసే. ఎడమ చేత్తో చొక్కా గుడ్డ పట్టుకుని, కుడి చేత్తో పిన్ను గుచ్చి, కొక్కెంలో వేశాడు. "అయిందా?"

"మొన ఎటుంది?"

తల వంచి చూసుకున్నాడు. "ఎడమ వైపు."

"తనకి తాను పెట్టుకుంటే కుడి నుంచి ఎడమకే పోతుంది. ఇప్పుడు ఈ అమ్మాయిది చూడండి. మొన ఈమెకి కుడి వైపుంది. అంటే ఎదురుగా నిలబడ్డ వాళ్ళెవరో పెట్టారు."

"ఈమె ఎడమచేతి వాటమేమో!"

"మేనేజరు కాగితం మీద సంతకం పెట్టమంటే కుడి చేత్తోనే పెట్టింది. మీ కళ్ళ ముందే." డిటెక్టివ్ బిళ్ళ ఊడదీసింది. కింద గుడ్డ మీద పాత చిల్లులు రెండు కనపడ్డాయి. రోజూ గుచ్చీ గుచ్చీ సాగిపోయి, చుట్టూ ఇత్తడి చిలుము పచ్చగా పట్టి ఉన్నాయి. వాటి నడుమ, బాగా దగ్గర దగ్గరగా, ఇవాళ్టి చిల్లులు రెండు. పోగైనా సాగలేదు.

"ఇంతకాలం ఈ ఏప్రాన్‌కి పెట్టిన బిళ్ళ పిన్ను పొడుగు. దీనిది పొట్టి."

"పిన్ను మార్పించి ఉండొచ్చు."

"వెనక తిప్పి చూడండి. ఏడాదిగా చెమటా పాలూ తగిలిన రేకు అద్దంలా మెరుస్తుందా? గోరుతో నొక్కితే వంగుతోంది కూడా. ఇది ఆ బిళ్ళ కాదు సార్. ఈ అమ్మాయి ఇవాళంతా దొంగ బిళ్ళ పెట్టుకుని మిషను కుట్టింది. అసలుది కిటికీ దగ్గరికి వేరే ఒంటి మీద వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ బిళ్ళని అరచేతిలో వేసుకుని బరువు చూశాడు.

తల్లి దాన్నే చూస్తోంది. "నాది కాదా? పొద్దుటి నుంచి నా మీదే ఉందే..."

"ఎవరు పెట్టారమ్మా నీకు?"

"నేనే పెట్టుకున్నా."

"పిన్ను అలా చెప్పడం లేదు."

"బిళ్ళ తల్లి చేతిలోంచి పోకూడదక్కా. పోయిందని తెలిస్తే పిల్లల గదిలో చోటు తీసేస్తారు. పెట్టినవాళ్ళ ఉద్యోగం కూడా పోతుంది. తను నాకు చేసినదానికి నేను తన కూడు తియ్యలేను."

ఆయా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "పిల్లా, అందరూ చేసేదే కదే! చంకలో పిల్లుంటే ఎవరికి వాళ్ళు ఎలా పెట్టుకుంటారు? గేటు దగ్గర ఒకరికొకరు పెట్టుకుంటారని మేనేజరుకి తప్ప అందరికీ తెలుసు."

"ఎవరు?" అంది డిటెక్టివ్. గొంతు పెంచలేదు.

"మా వదిన." తల్లి తల వంచుకుంది. "రోజూ తనే. సంచి తను తీసుకుంటుంది, అందులోంచి బిళ్ళ తీసి పెడుతుంది, పాప బుగ్గ గిల్లి లోపలికి పోతుంది."

"ఏ పని చేస్తుంది ఆవిడ?"

దానికి ఆయా జవాబు చెప్పింది. "గుండీల గదిలోనమ్మా. ఇత్తడి గుండీల మీద అంకెలూ గుర్తులూ పొడుస్తుంది."

*

"మా వదిన అలాంటిది కాదు!" తల్లి అరిచింది. "మా ఆయన పోయినప్పుడు నేను అన్నం ముట్టకపోతే ముద్దలు కలిపి పెట్టింది. పాపకి మొదటిసారి ఫిట్సొస్తే చెప్పుల్లేకుండా ఆస్పత్రికి పరిగెత్తింది. నాకు తోడబుట్టిన అక్కున్నా అంత చెయ్యదు."

"నువ్వు వెళ్ళిపోతున్నావని ఎప్పుడు చెప్పావు?"

"మొన్న రాత్రి... అమ్మా వాళ్ళు రమ్మంటున్నారని. మళ్ళీ పెళ్ళి మాట కూడా వచ్చింది."

"ఏమంది?"

"ఏమీ అన్లేదక్కా. పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. 'దీని నుదురు అచ్చం మా తమ్ముడిదే' అంది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది. నేను నిద్రపోయాను..."

అక్కడితో ఆగిపోయింది. తను చెప్పిన మాట తన చెవిన పడింది. తరవాత ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. కానీ ఆమె మొహం మీద వెలుగొచ్చింది.

"వదిన దగ్గరుందా? అయితే పాపకేం కాదు. ఆకలేస్తే పాలు పడుతుంది, చలేస్తే కొంగు కప్పుతుంది. అక్కా, వదిన దగ్గరుంటే పాపకేం కాదు!"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంతసేపూ తను చూసిన వైపు వేరు. "నంబరివ్వు ఆవిడది," అన్నాడు. గొంతులో కరుకు తగ్గింది. చేసి చూశాడు. ఫోను ఆపేసి ఉంది. వెంటనే బస్టాండు అవుట్‌పోస్టుకి చేశాడు. "బస్సులు కదలనివ్వకండి. మఫ్టీలో మనుషుల్ని దింపండి. పిల్లతో ఉన్న ఆడవాళ్ళని ఒక్కొక్కరినే చూడండి. గోల చెయ్యొద్దు, ఉలిక్కిపడితే జారిపోతుంది."

"దొరుకుతుందా?" అంది డిటెక్టివ్.

"జనం ఇసకేస్తే రాలడం లేదట. నేనే ఆపించాను కదా బస్సులన్నీ. ఎంతసేపు పడుతుందో చెప్పలేను. కానీ దొరుకుతుంది."

"మందు!" అంది తల్లి. సంచి నేల మీద పెట్టి జేబు జిప్పు లాగింది. చెయ్యి పెట్టి వెతికింది. జేబు తిరగేసి దులిపింది. చెంచా లేదు, సీసా లేదు. చూస్తూ చూస్తూ నవ్వేసింది. "తీసుకెళ్ళింది! పొద్దున సంచి తన చేతికిచ్చినప్పుడే తీసుకుంది. చూశారా, నేను చెప్పలేదూ? మందు కూడా మర్చిపోలేదు మా వదిన. వేళకి వేసేస్తుంది. దీపాలు పెట్టగానే, నిండా ఒక చెంచా..."

నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారాయి.

"ఏమైంది?" డిటెక్టివ్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైందమ్మా?"

"అది పాత మందు కాదక్కా."

"అంటే?"

"నిన్న డాక్టరు మార్చాడు. పాతది పని చెయ్యట్లేదని. కొత్తది చాలా గట్టి మందు, చెంచా ముట్టుకోకూడదు, గొట్టంతో నాలుగు చుక్కలే వెయ్యాలి అని మూడుసార్లు చెప్పాడు. ఆ సీసా పెద్దది, మూత సరిగ్గా పట్టట్లేదు. సంచిలో ఒలికిపోతుందని..." ఆమె ఖాళీ జేబుని గుప్పిట్లో నలిపింది. "పాత సీసా కడిగి, కొత్త మందు దాన్లో పోసుకొచ్చాను. పాత చెంచా జేబులోంచి తియ్యడం మర్చిపోయాను, గొట్టం నా కొంగులోనే ఉంది. వదిన నిన్న మాతో ఆస్పత్రికి రాలేదు. వెళ్ళిపోతున్నానని అలిగిందేమో అని నేనూ ఏం చెప్పలేదు. సీసా పాతదే. కాగితం పాతదే. వదినకి తెలిసింది పాత కొలతే."

కిటికీలోంచి పడుతున్న ఎండ పల్చబడి గోడ పైకెక్కింది. హాల్లో ఎవరో అలవాటుగా స్విచ్ వేశారు. వరసగా లైట్లు వెలిగాయి.

"మైకు," అంది డిటెక్టివ్. "బస్టాండులో మైకుంది. ఇందాక ఫోన్లో విన్నాం. అవుట్‌పోస్టు వాళ్ళు ఫోను మైకు దగ్గర పెడితే ఈ అమ్మాయి గొంతు ఊరంతా వినపడుతుంది."

"వీల్లేదు." ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "మనకి తెలిసిపోయిందని తెలిస్తే ఆవిడ జనంలో కలిసిపోతుంది. వెనక గోడ దూకితే రైలు పట్టాలు. ఒక్కసారి జారిందంటే మళ్ళీ పిల్లని చూడరు మీరు. మా వాళ్ళు వెతుకుతున్నారు, కాస్త ఓపిక పట్టండి."

"లైట్లు వెలిగాయి సార్. ఆవిడ ఓపిక పడుతుందా?"

"మీరు నా కేసు చెడగొడుతున్నారు!"

"మీరు కేసు గురించే మాట్లాడుతున్నారు ఇంకా!"

"సార్." తల్లి లేచి నిలబడింది. గొంతు చిన్నదే, కానీ ఇద్దరూ ఆగిపోయారు. "పారిపోనీండి సార్. తనే ఉంచుకోనీ. ఎక్కడో ఒకచోట నా పిల్ల బతికుంటే చాలు. ఫోనివ్వండి."

ఇన్‌స్పెక్టర్ ఆమె చాపిన చేతిని చూశాడు. తడిసిన ఏప్రాన్‌ని చూశాడు. ఇంతసేపట్లో మొదటిసారి తల తిప్పుకోకుండా చూశాడు. ఫోను నొక్కి, "అనౌన్స్‌మెంటు గదికి పరిగెత్తు. ఫోను మైకుకి ఆనించు. ఎందుకని అడగొద్దు, పరిగెత్తు," అని ఆమెకిచ్చాడు.

అవతల బూట్ల చప్పుడు. తలుపు తోసిన చప్పుడు. గరగర. ఆ తరవాత తన ఊపిరే తనకి వేయింతలై తిరిగొచ్చింది తల్లికి.

"వదినా... నేనే. మరదల్ని. నిన్నేమీ అనను వదినా. ఎక్కడికి పోవాలంటే అక్కడికి పో. కానీ ఆ సీసాలో ఉన్నది పాత మందు కాదు. కొత్తది. గట్టిది. చెంచాతో వెయ్యకు. నాలుగు చుక్కలే వెయ్యాలి. వినపడిందా వదినా? చెంచా వద్దు. నాలుగే నాలుగు చుక్కలు..."

బస్టాండు హోరు తగ్గింది. తగ్గి తగ్గి, వేలమంది ఊపిరి బిగబట్టినట్టయింది. ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఫోనుకి చెరోవైపు చెవులాన్చారు. తల వెంట్రుకలు తగులుతున్నా ఇద్దరికీ పట్టలేదు.

దూరంగా, జనం మధ్యలోంచి, ఒక ఆడగొంతు పొలికేక పెట్టింది. ఆ గొంతు దగ్గరయింది. మెట్లెక్కుతోంది. దారిలో ఎవరినో తోసుకుంటోంది. మైకు పక్కకొచ్చి పడింది.

"వేసేశానే! ఇప్పుడే, ఈ చేత్తోనే, నిండా వేసేశాను! కళ్ళు తేలేస్తోందే తల్లీ, పిలిస్తే పలకట్లేదు! ఏం చెయ్యాలో చెప్పు!"

వెనక కానిస్టేబుళ్ళ కేకలు, లాఠీల చప్పుడు. "దొరికింది, పట్టుకోండి, పట్టుకోండి!"

ఇన్‌స్పెక్టర్ ఫోను లాక్కున్నాడు. అతని గొంతు బస్టాండు మైకులన్నింట్లోంచీ ఒక్కసారే పగిలింది.

"ఎవరూ ఆవిణ్ణి ముట్టుకోకండి! దారివ్వండి! పిల్లని ఆవిడ చేతుల్లోనే ఉండనివ్వండి, జీపెక్కించండి, ఆస్పత్రికి... దారివ్వండిరా ఆవిడకి!"